టమాటా పచ్చగానే వాడిపోతోందా? మందు కొనే ముందు వేరు చూడండి

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు మన రైతుల ఇళ్లలోనూ, అటు హోసూరు, రాయకోట చుట్టుపక్కల తెలుగు పల్లెల్లోనూ తరచుగా వినిపించే మాట ఒకటుంది. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. ఈరోజు మధ్యాహ్నానికి తల వాల్చేసింది." మొదట సాలులో ఒక మొక్క. రెండు రోజులకు దాని పక్కది. వారం తిరిగేసరికి సాలు సగం. కర్రలు నాటి, తాడు కట్టి, మల్చింగు షీటు పరిచి, డ్రిప్పు వేసి, తొలి కోతకు ఇంకో పది రోజులుందనగా ఇలా జరిగితే ఆ ఇంటి పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు. పెట్టాల్సిన డబ్బంతా అప్పటికే పెట్టేసి ఉంటారు.

ఆ తర్వాత మందుల అంగడికి పరుగు. అక్కడ ఇచ్చిన రెండు మూడు డబ్బాలు డ్రమ్ములో కలిపి మొక్కల మొదళ్లలో పోస్తారు. వాడిన మొక్క లేవదు, పక్క మొక్కకు తెగులు ఆగదు. కారణం చాలాసార్లు మందు నాసిరకం కావడం కాదు. బాక్టీరియాకు శిలీంధ్రం మందు పోసి ఉంటారు, లేదా నులిపురుగు తిన్న వేరుకు ఇంకేదో పోసి ఉంటారు. ఒకవేళ సరైన మందే పోసినా, వేరు తెగులు ఆకుల్లో కనిపించే సరికి లోపల నీరు మోసే గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. ఆ మొక్కను తిరిగి నిలబెట్టే మందు, సేంద్రియమైనా రసాయనమైనా, లేదు. అందుకే మేము ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం నాటక ముందు చేయవలసిన పనులే. వాటికి అయ్యే ఖర్చు తక్కువ. కావలసింది కాస్త ముందుచూపు, నెలా నెలన్నర సమయం.

ముందు తెగులేదో తేల్చుకోవాలి. దానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒక కత్తి, ఒక గాజు గ్లాసు చాలు. అప్పుడే వాడడం మొదలైన మొక్కను వేళ్లతో సహా, మెల్లగా, చుట్టూ మట్టి వదులు చేసి పైకి తీయండి. గుంజితే సన్న వేళ్లన్నీ తెగి నేలలోనే ఉండిపోతాయి, చూడవలసింది వాటినే. వేళ్లను నీటిలో జాడించి చూడండి. తర్వాత కాండం అడుగు భాగం నుంచి బెత్తెడు ముక్క కోసి, శుభ్రమైన నీళ్లున్న గ్లాసులో కొస మునిగేటట్టు కదపకుండా పట్టుకోండి. మూడు నుంచి అయిదు నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలదారం లాంటి తెల్లటి జాలు కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా పని. ఆకులు పసుపు కాకుండా, పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వాలిపోవడం దీని తీరు.

జాలు దిగకపోతే కాండాన్ని నిలువుగా చీల్చండి. బెరడు కింద గోధుమ రంగు గీతలు పైదాకా పాకి ఉండి, అడుగు ఆకులు ముందుగా పసుపు తిరిగి, ఒక్కోసారి మొక్కలో ఒక పక్క కొమ్మలే వాడి ఉంటే అది ఫ్యుజేరియం శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. ఇది బాక్టీరియా అంత ఆత్రపడదు, రోజులు తీసుకుంటుంది. నేలకు తగిలే చోట కాండం చుట్టూ తెల్లటి దూది బూజు, అందులో ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తే మొదలు కుళ్లు, అంటే స్క్లెరోషియం. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుని లాగితే పైతోలు ఊడివచ్చి లోపల దారం లాంటి నార మాత్రమే మిగిలితే పితియం జాతి వేరుకుళ్లు. నీరు నిలిచే మడుల్లో మిరప, క్యాప్సికం, దోస జాతుల్లో ఎక్కువగా వస్తుంది.

వేళ్లపై పూసల్లా, అల్లం కొమ్ముల్లా బుడిపెలు ఉంటే అవి వేరుబుడిపె నులిపురుగులు, అంటే నెమటోడ్లు. ఇవి మొక్కను చటుక్కున చంపవు. మొక్క గిడసబారుతుంది, ఆకు వెలవెలబోతుంది, మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తుంది. ఎరువు చాలలేదనుకుని యూరియా వేసేవాళ్లను మేము చూస్తూనే ఉన్నాం. చిక్కుడు, వేరుశనగ వేళ్ల మీద ఉండే మంచి బుడిపెలతో వీటిని పొరబడొద్దు. అవి వేరుకు పక్కగా అంటుకుని ఉంటాయి, గోటితో తీస్తే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపె అంటే వేరే ఉబ్బింది, ఊడదు.

ఈ పరీక్షలకు పావుగంట పడుతుంది. ఇది చేయకుండా మందు కొనవద్దని మా గట్టి మాట.

ఒక్కో పొలంలో రెండూ కలిసి ఉంటాయి, అదే ఎక్కువ నష్టం. నులిపురుగు వేరును పొడిచిన గాయం బాక్టీరియాకూ ఫ్యుజేరియానికీ దారి అవుతుంది. ఎండు తెగులును తట్టుకుంటుందని చెప్పి అమ్మిన రకం కూడా నులిపురుగులున్న నేలలో తేలిపోవడానికి ఇదొక కారణం. గట్టిగా పారతో తవ్వి వేళ్లు తెంపినా అదే దారి తెరుచుకుంటుంది.

అసలు నేల ఇలా ఎందుకు తయారైంది? దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో కోలారుది ఒకటి. ధర పలికిన ఏడాది చూసి, టమాటా తీసిన మడిలోనే మళ్లీ టమాటా, కాదంటే క్యాప్సికం, వంగ, ఆలుగడ్డ. మనకు ఇవి వేరువేరు పంటలు. రాల్‌స్టోనియాకు ఇవన్నీ ఒకే ఇల్లు, అన్నీ వంగ కుటుంబమే. ఆ బాక్టీరియా బతకగల మొక్కలు రెండు వందల రకాలకు పైగానే ఉన్నాయి, వేరుశనగ కూడా అందులో ఒకటి. పంట లేని కాలంలో అది గట్టు మీది కలుపులో కాలక్షేపం చేస్తుంది. తమిళనాడులో మణత్తక్కాళి అని కూర వండుకునే కామంచి మొక్క దానికీ, నులిపురుగులకూ కూడా ఆశ్రయమే. కూరకు కావాలంటే పెరట్లో పెంచుకోండి, టమాటా మడి గట్టున మాత్రం ఉంచకండి.

కాబట్టి పంట మార్పిడి అంటే పంట పేరు మారడం కాదు, కుటుంబం మారాలి. బాక్టీరియా ఎండు తెగులు తగిలిన మడిలో కనీసం రెండు మూడేళ్లు వంగ కుటుంబం దరి చేరనివ్వకుండా రాగి, జొన్న, మొక్కజొన్న లాంటివి వేయాలి. నీరున్న చోట దమ్ము చేసి వరి వేస్తే ఇంకా మంచిది, నీరు నిలిచిన నేలలో ఈ బాక్టీరియా తగ్గుతుంది. మన కోలారు వైపు రాగి ఎలాగూ ఇంటి తిండి. "రాగికి టమాటా డబ్బు రాదు కదా" అంటారు, నిజమే. అయితే తెగులు మడిలో మూడోసారి వేసిన టమాటాకు కూడా డబ్బు రాదు.

కౌలు భూమి అయితే ఈ లెక్క కుదరదు. ఏడాదికో రెండేళ్లకో తీసుకున్నవారు రాగి వేసి ఊరుకోలేరు. అలాంటివారు ఒప్పందం మాట్లాడుకునే ముందే నేలను పరీక్షించుకోవాలి. గత మూడు పంటలేమిటో యజమానినీ, పక్క పొలంవారినీ విడివిడిగా అడగండి. పాత పంట మొదళ్లు ఇంకా ఉంటే పీకి వేళ్లు చూడండి. తేలకపోతే ఇంకొక పద్ధతి ఉంది. పొలంలో పది పదిహేను చోట్ల నుంచి జానెడు లోతు మట్టి తీసి కలిపి, నాలుగు కుండీల్లో నింపి, ఆరోగ్యంగా ఉన్న టమాటా నారు నాటండి. అయిదారు వారాల తర్వాత వేళ్లు కడిగి చూస్తే నులిపురుగులున్నదీ లేనిదీ బుడిపెలే చెబుతాయి.

నారు దగ్గర చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. పొలం ఎంత శుభ్రంగా ఉన్నా, తెగులు నారుతో పాటు దిగితే చేసేదేమీ ఉండదు. నర్సరీకి వెళ్లినప్పుడు ఆకులు చూసి మురిసిపోకుండా, ట్రే నుంచి రెండు మూడు మొక్కలు పెరికి వేరు చూపించమనండి. వేళ్లు తెల్లగా ఉండాలి. ట్రేలు నేల మీద పెట్టారా, బల్లల మీదా అన్నది గమనించండి. నేలను తాకిన ట్రేలోకి కింద నుంచి నులిపురుగులు ఎక్కగలవు. వాడిన ట్రేలనే కడగకుండా మళ్లీ నింపే చోట నారు కొనకపోవడమే మంచిది.

ఇంట్లో నారు పోసుకునేవారు మడిని జానెడు ఎత్తుగా చేయాలి. నారుకుళ్లు వచ్చేది నీరు ఎక్కువై, విత్తనం ఒత్తుగా పడినప్పుడే. పలుచగా వరసల్లో విత్తి, సాయంత్రం కాకుండా ఉదయం నీరిస్తే సగం బాధ తప్పుతుంది. విత్తనానికి ట్రైకోడెర్మా పొడి కిలోకు 4 నుంచి 10 గ్రాములు, లేదా సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ కిలోకు 10 గ్రాములు పట్టించాలి. కూరగాయల విత్తనం కొద్దిగానే ఉంటుంది కనుక చిటికెడు, రెండు చిటికెలు సరిపోతాయి. కంపెనీ ముందే రసాయనం పట్టించి ఇచ్చిన రంగు విత్తనానికి మళ్లీ ఇది పట్టించి లాభం లేదు, ఆ రసాయనం దీన్ని చంపేస్తుంది.

నారుమడికీ, చిన్న కమతాలకూ ఎండ వైద్యం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మడిని దున్ని, గడ్డలు చిదిపి, బాగా తడిపి, పైన పల్చటి పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. షీటు తెల్లగా అద్దంలా ఉండాలి, నల్లది అంత వేడిని నేలలోకి దింపదు. తడి తప్పనిసరి, పొడి మట్టిలో వేడి లోతుకు పోదు. పై అరడుగు మట్టిలో శిలీంధ్రాలు, నులిపురుగులు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. షీటు తీశాక మళ్లీ లోతుగా దున్నితే అడుగు మట్టి పైకి వచ్చి చేసిందంతా వృథా అవుతుంది.

ఇక ట్రైకోడెర్మా. ఇది మట్టిలో సహజంగా ఉండే మంచి శిలీంధ్రం. చెడ్డ శిలీంధ్రాల పోగులను చుట్టుకుని, వాటి గోడలను కరిగించి తింటుంది, వేరు చుట్టూ చోటు ఆక్రమించి వాటికి తావు లేకుండా చేస్తుంది. నారుకుళ్లు, వేరుకుళ్లు, మొదలు కుళ్లు, ఫ్యుజేరియం మీద బాగా పనిచేస్తుంది. బాక్టీరియా ఎండు తెగులుకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అంగళ్లలో "అన్ని ఎండు తెగుళ్లకూ ఇదే" అని అమ్ముతున్నారు, అది సరికాదు. బాక్టీరియా విషయంలో కొంత మేలు చేసేది సూడోమోనాస్, బాసిల్లస్ జాతులు. అదీ కొంతే, అదీ నారు దశ నుంచే ఇస్తేనే.

ప్యాకెట్టు చించి పొలంలో చల్లితే ట్రైకోడెర్మా బతకదు, దానికి తిండి కావాలి. ఎకరాకు 2 కిలోల పొడిని 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలపండి. పిడికిట పట్టి పిండితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు, అంత తేమ చాలు. చెట్టు నీడన కుప్ప పోసి తడి గోనె పట్టాలు కప్పండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగేయండి. పది పదిహేను రోజుల్లో కుప్ప నిండా తెలుపు, ఆపై ఆకుపచ్చ బూజు పాకాలి. బూజు పట్టలేదంటే ప్యాకెట్టులోది చచ్చిందని అర్థం. పొలంలో వేశాక తెలుసుకునే కంటే ఇక్కడే తెలిసిపోవడం మేలు. తయారైన ఎరువును మల్చింగు షీటు పరచక ముందే బోదెల మీద వేసి, తేమ ఉండేటట్టు చూసుకోవాలి.

పేడ మాగి ఉండాలన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చి పేడ, సగం కుళ్లిన చెత్త మొదలు కుళ్లు తెచ్చే శిలీంధ్రానికి విందు. సేంద్రియం చేస్తున్నామని పచ్చి పేడ తోలి, ఆ ఏడాదే మొదలు కుళ్లు తెచ్చుకున్నవాళ్లున్నారు. జీవామృతం పోసేవారు పోసుకోవచ్చు, నేలకు మంచిదే, కానీ తెగులు తగిలిన మడికి అదొక్కటే చాలని అనుకోకండి.

కొనేటప్పుడు ప్యాకెట్టు మీద తయారీ తేదీ, గడువు తేదీ, కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ సంఖ్య, గ్రాముకు ఎన్ని జీవకణాలున్నాయన్న అంకె చూడండి. పొడి రూపంలో ఉన్నది నాలుగు నుంచి ఆరు నెలలకు మించి నమ్మదగింది కాదు. రేకుల కింద, ఎండ తగిలే అలమారలో పెట్టిన సరుకు గడువు లోపలే చచ్చిపోతుంది. వీలైతే వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాల దగ్గర తాజాగా తీసుకోండి. కోలారు వారికి టమక దగ్గరే కేంద్రం ఉంది, హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. తమిళనాడు వైపు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పీఎఫ్1 అనే సూడోమోనాస్ రకాన్ని తీసుకొచ్చింది. ఇవి వాడిన నేలలో శిలీంధ్ర నాశినులు, రాగి మందులు పోయవద్దు. జీవాన్ని వేసి దాని మీదే మందు పోస్తే రెండు ఖర్చులూ దండగే.

నులిపురుగుల సంగతి వేరు. ఒక తరం ముగియడానికి వాటికి 25 నుంచి 30 రోజులు చాలు, ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. అంటే ఒక టమాటా పంట కాలంలో నాలుగైదు తరాలు. నాటే ముందు ఎకరాకు 100 నుంచి 200 కిలోల వేపపిండి వేయడం పాత పద్ధతే, ఇప్పటికీ మంచి పద్ధతే. పర్‌ప్యూరియోసిలియం లిలాసినం అనే శిలీంధ్రం వాటి గుడ్లను తినేస్తుంది. దీన్ని పాత పేరుతో పెసిలోమైసెస్ అని అమ్ముతారు, ట్రైకోడెర్మా లాగే ఎరువులో పెంచి వాడాలి. బంతి వేళ్లు విడిచే పదార్థం నులిపురుగులను చంపుతుంది. కానీ టమాటా మడి చుట్టూ ఒక వరస బంతి నాటి పని అయిందనుకోవద్దు. మడి నిండా రెండు మూడు నెలలు బంతి పంటే తీసి, తర్వాత టమాటా వేస్తే ఫలితం కనిపిస్తుంది. హోసూరు, కోలారు చుట్టుపక్కల పూలకు బేరం ఉండనే ఉంది కనుక ఈ మార్పిడిలో చేతికి డబ్బూ వస్తుంది. బంతికి వీలు లేకపోతే జనుము వేసి పూతకు ముందు కలియదున్నండి. నులిపురుగులను తట్టుకునే టమాటా రకాలు ఉన్నాయి గానీ, నేల వేడి 28 డిగ్రీలు దాటితే వాటిలోని ఆ గుణం సడలుతుంది. మన వేసవికి అది గుర్తుంచుకోవాలి.

బాక్టీరియా ఎండు తెగులుకు మార్పిడి తర్వాత అన్నిటికంటే నమ్మదగినది రకం ఎంపిక. హెసరఘట్ట సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్, అర్క సామ్రాట్, అర్క అభేద్ టమాటాలు దీన్ని తట్టుకునేవే. వంగలో అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ ఉన్నాయి. మార్కెట్టు అడిగే కాయ వేరు, తట్టుకునే కాయ వేరు అనే చిక్కు ఉంటే అంటు నారు వైపు చూడండి. తెగులు తట్టుకునే వంగ వేరు మీద మనకు కావలసిన టమాటా రకాన్ని అంటు కడతారు. వంగ మొక్కకైతే ఉస్తి చెట్టు, అదే తమిళంలో సుండక్కాయ అని వత్తకుళంబులో వేసుకునేది, మంచి వేరు. బాక్టీరియానూ నులిపురుగులనూ తట్టుకుంటుంది. అంటు నారు ధర మామూలు నారుకు ఎన్నో రెట్లు. తెగులు లేని నేలకు అది దుబారా, తెగులు పాతుకుపోయిన నేలకు కాదు. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో మునగకూడదు, మునిగితే పై మొక్క సొంత వేళ్లు వేసి మళ్లీ తెగులు పాలవుతుంది.

ఒడిశాలోని రాయగడ, గంజాం, గజపతి వైపు మనవారికి వంగ మీద ఇదే తెగులు పెద్ద సమస్య. అక్కడ చాలా నేలలు పులుపు నేలలు. మట్టి పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులో సున్నం వేయడం అక్కడ మొదటి పని. భువనేశ్వర్ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్కళ్ తారిణి, ఉత్కళ్ మాధురి వంగ రకాలు ఈ తెగులుకు తట్టుకునేవి. కోలారు వారు దీన్ని చూసి పరీక్ష లేకుండా సున్నం వేయకండి, నేల గుణం వేరు.

పంట నిలబడి ఉండగా ఒక మొక్క వాడితే? దాన్నీ, అటూ ఇటూ ఉన్న రెండు మొక్కలనూ వేళ్ల చుట్టూ మట్టితో సహా తీసి సంచిలో వేసుకుని పొలం బయట కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. గట్టు మీద పడేసినా, కాలువలో వేసినా తెగులును మీ చేతులతోనే పంచినట్టు. ఆ గుంతలో మళ్లీ నారు నాటవద్దు. డ్రిప్పు ఉంటే ఆ చోటి రంధ్రం మూసేయండి, కాలువ నీరైతే తెగులు చోటు మీదుగా నీరు ముందుకు పారకుండా మళ్లించండి. ఆ మడిలో పనిని రోజు చివరకు పెట్టుకుని, తర్వాత కొడవలి, పార, చెప్పులు కడుక్కోండి. మిగిలిన మొక్కలకు తడి తగ్గించి ఇవ్వండి.

షోలాపూరు, నాందేడు మేడల మీదా, యానాం పెరళ్లలోనూ కుండీల్లో పెంచుకునేవారికి పని సులువు. చచ్చిన మొక్క మట్టిని మరో కుండీలోకి ఒంపకండి. దాన్ని తడిపి, పారదర్శక సంచిలో కట్టి ఎండాకాలం నెలపాటు మేడ మీద ఉంచి, తర్వాత మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి, చెంచాడు ట్రైకోడెర్మా కలిపి వాడుకోవచ్చు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదని చూడండి. గోదావరి వాన కాలంలో యానాంలో కుండీ మొక్కలు చచ్చేది చాలావరకు నిలిచిన నీటి వల్లే.

చివరగా మాటల సంగతి. మన ఇంట్లో ఎండు తెగులు అన్నది అధికారి దగ్గర, ప్యాకెట్టు మీద వేరే పేరుతో ఉంటుంది. కన్నడలో ఎండు తెగులు సొరగు రోగ, వేరుబుడిపె బేరుగంటు, నులిపురుగు జంతుహుళు. తమిళంలో వాడల్ నోయ్, వేరుకుళ్లు వేర్ అళుగల్, నులిపురుగు నూర్పుళు. మరాఠీలో మర్ రోగ్, మూళకూజ్, సూత్రకృమి. ఒడియాలో ఝావుళా రోగ. కేంద్రానికి వెళ్లేటప్పుడు ఎండిన మొక్క కాకుండా అప్పుడే వాడుతున్న మొక్కను వేళ్లూ మట్టితో సహా తీసుకెళ్లండి. మట్టి జానెడు లోతుది, తడి ఆరకుండా సంచిలో కట్టి, ఎండ తగలకుండా అదే రోజు చేర్చాలి. నులిపురుగులు చూడాలని అడిగి చెప్పండి. మామూలు మట్టి పరీక్షలో వాటిని చూడరు.